లోహ క్లస్టర్లు చదవడం – 4: పదిహేడు దగ్గర ఆగిన లెక్క

లోహ క్లస్టర్ అంటే నేరుగా ఒకదానితో ఒకటి కలిసి ఉన్న లోహ పరమాణువుల గుంపు. పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. ఒక మాంగనీసు, దాని చుట్టూ ఐదు కార్బొనిళ్లు, అంటే లోహానికి అంటుకున్న కార్బన్ మోనాక్సైడ్ అణువులు. బంధాలకు పనికొచ్చే బయటి ఎలక్ట్రాన్లు ఎన్ని? మాంగనీసువి 7, కార్బొనిల్‌కి రెండేసి చొప్పున 10, మొత్తం 17. గరివిడి నుంచి రోజూ రైల్లో విజయనగరం వచ్చి పీజీ చదువుకునే అమ్మాయి తన నోట్సులో ఆ 17ని కొట్టేసి, మళ్లీ చేసి, మళ్లీ కొట్టేసింది. కింద ఇలా రాసింది: "ఎన్నిసార్లు చేసినా 17 దగ్గరే ఆగిపోతోంది మాస్టారూ, నా తప్పెక్కడో చెప్పండి."

తప్పేమీ లేదమ్మా. ఆ పదిహేడే జవాబు.

ఇలాంటి సమ్మేళనాల్లో ఒక్కో లోహం చుట్టూ పద్దెనిమిది ఎలక్ట్రాన్లు నిండితే అది సాధారణంగా స్థిరంగా ఉంటుంది. ఇక్కడ ఆ పద్దెనిమిది నిండడానికి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువైంది. దాని కోసం ఆ మాంగనీసు, తనలాగే ఒకటి తక్కువైన ఇంకో మాంగనీసు చెయ్యి పట్టుకుంటుంది. ఆ బంధంతో ఇద్దరికీ 18 నిండుతాయి. అందుకే సీసాలో మనకు దొరికేది ఒంటరి మాంగనీసు కాదు, రెండు మాంగనీసులు, పది కార్బొనిళ్లు ఉన్న పసుపు పచ్చని స్ఫటికం. 1957లో ఎక్స్‌రేతో దాని నిర్మాణం తేల్చినప్పుడు రెండు లోహాల నడుమ దూరం సుమారు 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లని (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) తెలిసింది. మధ్యలో వంతెనగా ఒక్క కార్బొనిల్ కూడా లేదు. లోహం, లోహం నేరుగా కలిసి ఉన్నాయి. గరివిడి, చీపురుపల్లి వైపు నేల తవ్వితే నల్లటి ఖనిజంగా వచ్చేదీ ఈ మాంగనీసే. అక్కడ ఆక్సిజన్‌తో పెనవేసుకుని ఉంటుంది, ఇక్కడ తన జాతి లోహంతోనే జతకట్టింది. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పినప్పుడు కాసేపు నోట్సు మూయలేదు.

ఈ పాఠంలో నేర్చుకునే పని ఇదే. ఒంటరి లోహానికి 18 నిండకపోతే ఆ లోటు ఎన్ని లోహ–లోహ బంధాలు కోరుతుందో పట్టుకోవాలి. ఆ తర్వాత, ఆ లెక్క ఎక్కడిదాకా నిజం చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. రెండోది మన నోట్సుల్లో ఎవరూ రాయరు. "మొత్తం ఎలక్ట్రాన్లు 48 అంటే త్రిభుజం, 60 అంటే చతుర్ముఖి, 86 అంటే అష్టముఖి" అని పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తారు. దయచేసి అలా చదవకండి. పట్టికలో లేని క్లస్టర్ పరీక్షలో వస్తే చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

కాగితం తీసుకోండి. మూడు ఐరన్‌లు, పన్నెండు కార్బొనిళ్లు ఉన్న క్లస్టర్. ఐరన్‌కి 8 చొప్పున 24, కార్బొనిళ్ల నుంచి 24, మొత్తం 48. లోహాలు ఏవీ ఒకదాన్నొకటి తాకకుండా విడివిడిగా ఉంటే కావలసినవి మూడు పద్దెనిమిదులు, అంటే 54. లోటు 6. ఒక్కో లోహ–లోహ బంధం ఇద్దరి లోటునూ ఒక్కొక్కటి చొప్పున తీరుస్తుంది కాబట్టి 6ని 2తో భాగించండి. మూడు బంధాలు. మూడు లోహాలకు మూడు బంధాలంటే త్రిభుజమే. అణువు మీద రుణావేశం ఉంటే ఆ మేరకు కలపాలి, ధనావేశం ఉంటే తీసేయాలి. హైడ్రైడ్, అంటే లోహానికి అంటుకున్న హైడ్రోజన్, ఒక్కొక్కటీ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. నాలుగు కోబాల్ట్‌లు, పన్నెండు కార్బొనిళ్లు మీరే చేసి చూడండి. 60 వస్తుంది, లోటు 12, బంధాలు ఆరు. చతుర్ముఖికి అంచులు ఆరే కదా.

ఇప్పుడు ఐరన్ తీసేసి, ఆవర్తన పట్టికలో అదే నిలువు వరుసలో కింద ఉన్న ఆస్మియం పెట్టండి. మూడు ఆస్మియంలు, పన్నెండు కార్బొనిళ్లు. లెక్క మళ్లీ 48, మళ్లీ త్రిభుజం. అయితే రెండూ ఒకేలా ఉంటాయా? ఉండవు. ఆస్మియం క్లస్టర్‌లో ఒక్కో లోహం మీద నాలుగేసి కార్బొనిళ్లు, పన్నెండూ టెర్మినలే, అంటే ఒక్క లోహానికే అంటుకున్నవి, వంతెనలు లేవు. ఐరన్ క్లస్టర్‌లో పది టెర్మినల్, రెండు వంతెనలు. ఆ రెండు వంతెనలూ త్రిభుజంలో ఒకే అంచు మీద కూర్చున్నాయి. వంతెన కార్బొనిల్ రెండు లోహాలకూ ఒక్కో ఎలక్ట్రాన్ పంచినా, ఒకే లోహానికి రెండూ ఇచ్చినా మొత్తం మారదు. అందుకే లెక్కకు ఈ తేడా కనిపించదు. కారణం లోహం పరిమాణంలో ఉంది. ఆస్మియం పెద్దది, లోహాల మధ్య దూరం సుమారు 2.88 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంత దూరాన్ని చిన్న కార్బన్ అటూ ఇటూ అందుకోవడం కష్టం. ఐరన్ చిన్నది కాబట్టి అందుతుంది.

మరి తేడా ఎలా తెలుస్తుంది? ఐఆర్ స్పెక్ట్రంని అడగాలి. నమూనా పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూపే గీత అది, ఆ పీల్చుకున్న చోట్లే బ్యాండ్లు. బంధం ఎంత గట్టిదైతే సంఖ్య అంత పైన ఉంటుంది. ఏ లోహానికీ అంటుకోని కార్బన్ మోనాక్సైడ్ 2143 సెం.మీ.⁻¹ దగ్గర పలుకుతుంది. లోహానికి అంటుకుంటే, లోహం తన ఎలక్ట్రాన్లను కార్బొనిల్ పై–స్టార్ ఆర్బిటాల్‌లోకి (ఎలక్ట్రాన్ చేరితే బంధాన్ని బలహీనపరిచే చోటు) తిరిగి పంపుతుంది. దాంతో కార్బన్–ఆక్సిజన్ బంధం సడలి ఆ సంఖ్య కిందికి దిగుతుంది. ఆవేశం లేని క్లస్టర్లలో టెర్మినల్ కార్బొనిళ్లు సుమారు 2100 నుంచి 1850 మధ్య, రెండు లోహాల మీద వంతెన వేసినవి 1850 నుంచి 1700 మధ్య కనిపిస్తాయి. గీత గీసినట్టు ఈ హద్దులను పట్టుకోకండి. అణువు మీద రుణావేశం పెరిగితే టెర్మినల్ బ్యాండ్ కూడా 1800 కిందికి జారుతుంది. ఐరన్‌కి నాలుగు కార్బొనిళ్లు, రెండు రుణావేశాలు ఉన్న అయాన్‌లో బ్యాండ్ 1790 దగ్గర ఉంటుంది, అక్కడ వంతెనకు చోటే లేదు. కాబట్టి బ్యాండ్ చూసేముందు ఆవేశం చూడండి.

ఇక్కడ నా జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు రోజుల్లో ఒక కార్బొనిల్ సమ్మేళనాన్ని హెక్సేన్‌లో కరిగించి స్పెక్ట్రం తీశాను. 2000 చుట్టూ పదునైన బ్యాండ్లు, వాటికి దూరంగా 1717 దగ్గర ఒకటి. వంతెన కార్బొనిల్ అని నోట్సులో ఎర్ర సిరాతో రాసి, గుండ్రంగా సున్నా చుట్టి, రెండు రోజులు ఆ నిర్మాణమే బొమ్మ గీస్తూ కూర్చున్నాను. మూడో రోజు నమూనా లేకుండా ఒట్టి హెక్సేన్ పోసి తీస్తే 1717 అక్కడే ఉంది. ద్రావణం పోసే సెల్‌ని కడిగిన అసిటోన్ పూర్తిగా ఆరలేదు. అసిటోన్‌లో ఉన్నదీ కార్బన్–ఆక్సిజన్ బంధమే, అది పలికేదీ అక్కడే. అప్పటి నుంచి ఒట్టి సాల్వెంట్ స్పెక్ట్రం పక్కన పెట్టకుండా ఏ బ్యాండ్ గురించీ ఒక్క మాట రాయలేదు. మీరూ రాయకండి. మన తీర జిల్లాల్లో ఇంకో బెడద ఉంది. వానాకాలంలో, ఘన నమూనాను కలిపి నొక్కే పొటాషియం బ్రోమైడ్ బిళ్ల చేతిలో ఉండగానే తేమ పీల్చి మసకబారుతుంది, నీటి బ్యాండ్ 1640 దగ్గర వచ్చి కూర్చుంటుంది. కార్బొనిళ్లకు హెక్సేన్ ద్రావణమే మేలు, బ్యాండ్లు సన్నగా, విడివిడిగా వస్తాయి.

ఐరన్ క్లస్టర్ స్పెక్ట్రంలో వంతెన బ్యాండ్లు ద్రావణంలో చాలా బలహీనంగా వస్తాయి, తొందరపడితే చూడకుండా దాటేస్తాం. ఎక్స్‌రే కూడా దాన్ని అంత తేలిగ్గా తేల్చలేదు. స్ఫటికంలో త్రిభుజం కొన్నిచోట్ల ఇటు తిరిగి, కొన్నిచోట్ల అటు తిరిగి ఉండడంతో రెండూ కలిసి ఆరు మొనల నక్షత్రంలా కనిపించాయి. నక్షత్రంలోంచి త్రిభుజాన్ని బయటికి తీయడానికి 1960ల దాకా పట్టింది.

ఇక లెక్క నిజంగా తడబడే చోటికి వద్దాం. ఆరు రోడియంలు, పదహారు కార్బొనిళ్లు. రోడియంకి 9 చొప్పున 54, కార్బొనిళ్లవి 32, మొత్తం 86. కావలసినవి 108, లోటు 22, బంధాలు 11. ఎక్స్‌రే చూపించింది అష్టముఖి. దాని అంచులు లెక్కపెట్టండి, 12. ఒకటి తక్కువ పడింది.

ఎక్కడా కూడికలో తప్పు లేదు. అంచుకో ఎలక్ట్రాన్ జంట అన్న మన ఊహే ఇక్కడ పనిచేయదు. నులక మంచం అల్లిక చూడండి. ఏ ఒక్క ముడీ మనిషి బరువు మోయదు, పట్టె నుంచి పట్టె దాకా ఉన్న బిగువు మొత్తం కలిసి మోస్తుంది. అష్టముఖిలో ఎలక్ట్రాన్ జంటలు కూడా ఫలానా అంచువి అని ఉండవు, గూడు మొత్తానివి. 1971లో రసాయన శాస్త్రవేత్త కెన్నెత్ వేడ్ బోరేన్ల (బోరాన్–హైడ్రోజన్ సమ్మేళనాలు) నుంచి ఈ దారి చూపించాడు, మైకేల్ మింగోస్ 1972లో దాన్ని విస్తరించాడు. పని ఇలా చేయాలి. మొత్తం ఎలక్ట్రాన్లలోంచి ఒక్కో లోహానికి 12 తీసేయండి, అవి కార్బొనిళ్ల పనికీ, లోహం సొంతానికీ పోతాయి. 86లోంచి 72 పోతే 14, అంటే 7 జంటలు. లోహాలు 6. జంటలు లోహాల కంటే ఒకటి ఎక్కువ ఉంటే అన్ని మూలలూ నిండిన మూసిన గూడు, ఆరు మూలలకు అష్టముఖి. రెండు ఎక్కువ ఉంటే, ఒక మూల ఎక్కువున్న గూట్లోంచి ఒకటి తీసేసిన ఆకారం.

ఈ రోడియం క్లస్టర్ కథ ఇంకొంచెం ఉంది, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. 1940లలో దీన్ని నాలుగు రోడియంలు, పదకొండు కార్బొనిళ్లుగా అనుకున్నారు. 1963లో రసాయన శాస్త్రవేత్త లారెన్స్ డాల్ బృందం ఎక్స్‌రేతో ఆరు, పదహారు అని తేల్చింది. అంత పెద్ద తేడా ముందే ఎందుకు పట్టుకోలేదు? మీరే కార్బన్ శాతం కట్టి చూడండి. మొదటి ఫార్ములాకి 18.36, రెండోదానికి 18.03. మధ్య తేడా మూడో వంతు శాతం కూడా నిండా లేదు. మూలకాల విశ్లేషణలో అంత పొరపాటును మామూలుగా ఒప్పుకుంటారు. పన్నెండు కార్బొనిళ్లు రోడియంకి రెండేసి చొప్పున టెర్మినల్‌గా, మిగిలిన నాలుగు అష్టముఖి ఎనిమిది ముఖాల్లో ఒకటి విడిచి ఒకటి కప్పుతూ ఉన్నాయి. ఐఆర్‌లో టెర్మినల్ 2070 దగ్గర, ముఖాన్ని కప్పినవి 1800 దగ్గర కనిపిస్తాయి.

తయారీ సంగతి, గాలి తగలకుండా పని చేయడం, రాబోయే పాఠంలో. అంతదాకా ఇది కాగితం మీద పనే. ఆస్మియం క్లస్టర్‌ని ఆస్మియం టెట్రాక్సైడ్ నుంచి, కార్బన్ మోనాక్సైడ్ ఒత్తిడిలో చేస్తారు. ఆ ఆక్సైడ్ ఆవిరి కంటికి ఎంత ప్రమాదమో, ఆ వాయువు ఊపిరికి ఎంత ప్రమాదమో తెలియకుండా ఆ సీసాల దగ్గరికి వెళ్లొద్దు.

ఈ వారం మీకు రెండు. ఒకటి, ఐదు ఐరన్‌లు, మధ్యలో ఒక కార్బన్ పరమాణువు, పదిహేను కార్బొనిళ్లు. మధ్య కార్బన్ తన నాలుగు ఎలక్ట్రాన్లూ ఇచ్చేస్తుంది. అంచుల లెక్కా చేయండి, జంటల లెక్కా చేయండి, రెండూ ఒకే బొమ్మ దగ్గరికి వస్తాయో లేదో చూడండి. రెండు, ఆరు ఆస్మియంలు, పద్దెనిమిది కార్బొనిళ్లు. ఇక్కడ జంటలు లోహాలతో సరిసమానంగా వస్తాయి, ఒకటి ఎక్కువ కాదు. అష్టముఖి గీయబోయి ఆగండి. మూసిన గూడుకు ఐదు మూలలే చాలితే, ఆరో ఆస్మియం ఎక్కడ కూర్చుంటుందో పెన్సిల్‌తో గీసి తీసుకురండి.