కుళాయి నీళ్లలో సీసం: మా ఇంట్లో ఏం చేశామంటే

షికాగోలో మేం కొన్నది పాత ఇల్లు. అక్కడ 1986 దాకా వీధిలోని పెద్ద నీటి పైపు నుంచి ఇళ్లకు సీసం పైపులే వేసేవారు. బేస్‌మెంట్‌లో మీటరు దగ్గరికొచ్చే పైపును తాళంచెవితో గీకాను. సులువుగా గీత పడి, లోపల వెండిలా మెరిసింది. అయస్కాంతం అంటుకోలేదు. ఇవన్నీ సీసం పైపు గుర్తులే, టెన్షన్ మొదలైంది. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు పొద్దున్నే పట్టి ల్యాబ్‌కు పంపితే సీసమే తేలింది.

"కాచి తాగండిరా" అంది అమ్మ ఫోన్‌లో. కాస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే సీసం తగ్గిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (తాగునీటి ఫిల్టర్ల ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న ఫిల్టర్ బిగించాం. కుళాయి మూతి జల్లెడ విప్పి కడుగుతున్నాం. వేడినీళ్లలో సీసం ఎక్కువ కరుగుతుంది కాబట్టి వంటకు చన్నీళ్ల కుళాయే. పైపు మారిస్తే మొత్తం మార్చాలి. సగం మారిస్తే కొన్నాళ్లు సీసం పెరగొచ్చు.