సెంటర్ విడిచి సొంత ప్రాక్టీసు పెట్టినప్పుడు నా క్లయింట్ల సంగతి

హైదరాబాదులోని ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో ఆరేళ్ళు క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసి, సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవాలని రాజీనామా ఇచ్చిన రోజునే, రెండేళ్ళపాటు ఆ సెంటర్ క్లయింట్లను చూడకూడదన్న షరతు నా ఒప్పందంలో ఉందని యాజమాన్యం గుర్తుచేసింది. నేను వెళ్ళిపోతున్న సంగతి క్లయింట్లకు చెప్పవద్దని కూడా అన్నారు. నన్ను బాధపెట్టింది ఆ రెండో మాటే.

న్యాయవాదిని కలిశాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం విడిచాక వృత్తి చేసుకోకుండా అడ్డుకునే షరతులు సాధారణంగా చెల్లవని, అయితే సెంటర్ ఫైళ్ళను, ఫోన్ నంబర్ల జాబితాను పట్టుకుపోతే అది వేరే తప్పవుతుందని ఆయన స్పష్టంగా చెప్పారు. అందుకే నేను ఒక్క కాగితానికీ నకలు తీసుకోలేదు.

యాజమాన్యంతో మళ్ళీ కూర్చుని, క్లయింట్లకు సంగతి చెప్పడానికి ఆరు వారాల గడువుకు ఒప్పించాను. ఒక్కొక్కరికీ సెషన్ మొదట్లోనే విషయం చెప్పి (చివర్లో చెబితే ఆ బరువుతోనే ఇంటికి వెళ్ళవలసి వస్తుంది), ఇక్కడే మరొకరి దగ్గర కొనసాగవచ్చని, నా దగ్గరికి రావచ్చని, వేరేచోటికైనా వెళ్ళవచ్చని, తొందరేమీ లేదని వివరించాను. ఒక అమ్మాయి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, "మళ్ళీ అంతా మొదటినుంచీ చెప్పుకోవాలా మేడమ్?" అని అడిగింది. రికార్డుల చిక్కుకు దారి ఆ ప్రశ్నలోనే దొరికింది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక వైద్య రికార్డులు పొందే హక్కు ఆమెదే కనుక, ఆమే దరఖాస్తు రాసి నకళ్ళు తీసుకుంది.

ఆత్మహత్య ఆలోచనలున్న ఇద్దరి విషయంలో మాత్రం, కొత్త సైకాలజిస్టుతో కలిసి రెండేసి సెషన్లు పూర్తయ్యాకే నేను తప్పుకున్నాను. కొందరు అక్కడే ఉండిపోయారు; వారికి నేను మళ్ళీ ఫోన్ చేయలేదు.