పాత ల్యాప్‌టాప్‌తో ఫోటో ఫ్రేమ్ – 3వ పాఠం: తెర ఆరింది, ఫోటో పడుకుంది

ఈ పాఠంలో ఫ్రేము కట్టించడం చెప్పాలి. కానీ పోయిన పాఠం చూసి తెరను వెనక్కి తిప్పినవాళ్లలో చాలామందికి అది నల్లబడిపోయిందట. తప్పు నాదే. కీళ్ల స్క్రూలు విప్పి, తెరను తిప్పి, మిషన్ వీపుకు ఆనించమన్నాను. మూతలో అయస్కాంతం ఉంటుందని చెప్పలేదు.

మూత పడిందని ల్యాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుంది? బాగా పాతవాటిలో కీలు దగ్గర చిన్న ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది, మూత దాన్ని నొక్కుతుంది. తర్వాత వచ్చినవాటిలో తెర అంచులో చిన్న అయస్కాంతం, కీబోర్డు వైపు దాన్ని పసిగట్టే సెన్సార్ ఉంటాయి. తెరను వీపుకు ఆనిస్తే ఆ అయస్కాంతం వెనకవైపు నుంచి సెన్సార్‌కు దగ్గరవుతుంది. మూత పడిందనుకుని మిషన్ తెర ఆర్పేస్తుంది.

తెరను కాస్త దూరం జరిపి చూడండి. వెలిగితే దొంగ ఆ అయస్కాంతమే. మూత మూసినా ఏమీ చేయవద్దని పవర్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. కాకపోతే కొన్ని మోడళ్లలో తెర వెలుగును బయోసే (విండోస్ కంటే ముందు లేచే, మిషన్‌లోనే ఉండే ప్రోగ్రాము) ఆర్పేస్తుంది, సెట్టింగు మాట వినదు. నాకు ఆ గొడవ వద్దు. గుండుసూది అంచు వెంబడి జరిపితే ఎక్కడ అంటుకుంటుందో తెలుస్తుంది. ఆ అంచు ఊడదీసి, అయస్కాంతం పీకి, ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను.

జరిపినా వెలగలేదా? గదిలో లైటు ఆర్పి, తెర మీద టార్చి ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే తెర బాగానే ఉంది, వెనక లైటు వెలగడం లేదంతే. 2010కి ముందు మోడళ్లలో చాలావాటికి ఆ లైటు సన్నటి ట్యూబు. దానికి కరెంటిచ్చే ఇన్వర్టర్ బోర్డు సాధారణంగా తెర కింది అంచులో ఉంటుంది. తిప్పేటప్పుడు దాని ప్లగ్గు ఊడుతుంది. అడాప్టర్ తీసేశాకే మళ్లీ గుచ్చండి, అక్కడ వందల వోల్టులుంటాయి. బ్యాటరీ మొదటి పాఠంలోనే తీసేశారు కదా.

ఇక ఫోటోలు. ఒక్కోటి ఎంతసేపు నిలవాలన్నది మీ ఇష్టం, నేను 20 సెకన్లు పెడతాను. నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది: పడుకున్న ఫోటోలు.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే దాస్తాయి. పక్కన ఎగ్జిఫ్ అనే చీటీలో ‘చూపించేటప్పుడు తిప్పు’ అని 1 నుంచి 8 వరకు ఏదో ఒక అంకె రాస్తాయి. నిలువు ఫోటోకు తరచుగా కనిపించేది 6. ఫోన్ ఆ చీటీ చదువుతుంది. పాత స్లైడ్‌షో ప్రోగ్రాములు చాలా చదవవు. పెళ్లికూతురు పక్కకు ఒరిగిపోతుంది, ధ్వజస్తంభం నేల మీద పడుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోలకు ఈ జబ్బు ఉండదు, కెమెరా ఫోల్డర్ నుంచి నేరుగా ఎక్కించినవాటికే. మీరేమో తిప్పి చూసి, సేవ్ చేయకుండా మూసేస్తారు. మళ్లీ పడుకుంటుంది. ఇంకొందరు బొమ్మను తిప్పి సేవ్ చేస్తారు గానీ చీటీలో 6 అలాగే మిగిలిపోతుంది. చీటీ చదివే ప్రోగ్రాము దాన్ని ఇంకోసారి తిప్పుతుంది, అప్పుడు రెండో పక్కకు పడుకుంటుంది! బొమ్మ తిరగాలి, చీటీలో 1 ఉండాలి. రెండూ జరగాలి.

నేను ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటోల ప్రోగ్రాము వాడతాను. ‘బి’ నొక్కితే ఫోటోలన్నిటినీ ఒకేసారి మార్చే బ్యాచ్ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడే సైజు కూడా తగ్గించండి. 4000×3000 ఫోటో విప్పితే మెమరీలో 36 ఎంబీ తింటుంది, 1024×768కి తగ్గిస్తే రెండున్నర కూడా దాటదు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న ముసలి మిషన్‌కు ఈ తేడా ప్రాణం పోసినంత.

అభ్యాసం: 200 ఫోటోలు ఏరి, తిప్పి, తగ్గించి, ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా నడపండి. గంటగంటకూ వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడెక్కితే ఫ్యాన్ దుమ్ము దులిపి మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాతే మందం కొలిచి, పటాలు కట్టే షాపుకు వెళ్లండి. పవర్ బటన్ దగ్గర వేలు దూరేంత కంత వదలమని చెప్పడం మరచిపోవద్దు. బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోయిన ప్రతిసారీ మీరే నొక్కాలి.