శ్రావణం బరాత్‌లకు ముందు: కాలు బెణికిన గుర్రం ఉంటే ఈ జాగ్రత్తలు తీసుకోండి

జ్యేష్ఠం చివరి ముహూర్తాల్లో మా పక్క బస్తీలో ఒక బరాత్ సగం దారిలో ఆగిపోయింది. బ్యాండు మోతకు గుర్రం ముందుకాళ్లు లేపి దించింది. దించగానే ఎడమకాలి గిట్ట పైనున్న కీలు దాదాపు నేలకు ఆనేంత కిందికి దిగిపోయింది. పెళ్లికొడుకు దెబ్బలతో బయటపడ్డాడు. గుర్రం మాత్రం ఇక జీను మోయదు. మాఘంలో అదే కాలు బెణికితే, మూడు వారాలు కట్టేసి ఉంచి, కుంటు పోయిందని మళ్లీ పనికి దించారట.

మేత, నీళ్లు, నాడాల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే. కుంటు పోగానే పనికి దించకండి.

మోకాలి కింద ఎముక వెనకాల ఉండే లిగమెంటే గిట్ట పైకీలు కుంగకుండా మోస్తుంది. కాలు బెణికినప్పుడు తరచూ చిరిగేది ఇదే. దానికి రక్తం తక్కువగా అందుతుంది. చిరిగిన చోట కొన్ని వారాల్లో మచ్చలాంటి కణజాలం నిండి నొప్పి తగ్గుతుంది, కుంటు పోతుంది. కానీ ఆ పోగులు ఇంకా చిక్కుపడి, బలం లేకుండా ఉంటాయి. అవి వరుసలోకి వచ్చి బరువు మోయడానికి చిన్న చిరుగైనా ఆరు నెలలు, పెద్దదైతే 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఆషాఢం 30 రోజులే. ఆ సెలవుతో ఇది మానదు.

మొదటి రెండు మూడు రోజులు

గుర్రాన్ని కదిలించకండి. గుడ్డలో చుట్టిన ఐసు 20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. మందంగా దూది వేసి కట్టు కట్టండి, బాగున్న కాలికి కూడా. వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు.

స్కాన్, వైద్యం

చిరుగు ఎంతో చేత్తో తడిమితే తెలియదు, అల్ట్రాసౌండ్ తీయించాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లో తీస్తే చిరుగు అసలు కన్నా చిన్నదిగా కనబడవచ్చు. పది రోజులకు మళ్లీ తీయించండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రుల్లో అడిగి చూడండి.

గుర్రం రక్తం నుంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి చిరుగులోకి ఎక్కించే పీఆర్‌పీ ఉంది. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించే పద్ధతీ ఉంది, ఖర్చు ఎక్కువ. బయటి నుంచి ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ కొన్ని చోట్ల బాగా పనిచేస్తుంది కానీ కొన్ని రోజులు నొప్పి తెలియనివ్వదు, అది చూసి మానిందనుకుంటారు. వెనక కాలిలో ఈ లిగమెంట్ పైభాగంలో మొండి నొప్పికి కొన్నిసార్లు ఆపరేషన్ చేస్తారు. వీటిలో ఏదీ విశ్రాంతికి బదులు కాదు. చేతిలో డబ్బు తక్కువుంటే ఖరీదైన ఇంజెక్షన్ కన్నా రెండో స్కాన్, మూడో స్కాన్ మీద పెట్టమంటాను.

నడక

డాక్టర్ సరేనన్నాక చేత్తో పట్టుకుని గట్టి, చదును నేల మీద రోజుకు రెండు పూటలా ఐదేసి నిమిషాలు నడిపించండి. వారం రెండు వారాలకు ఐదు నిమిషాలు పెంచండి. మైదానంలో వదిలేయకండి, ఒక్క దూకుడుతో మళ్లీ చిరుగుతుంది. విశాఖ బీచ్‌లో గుర్రాలు తిప్పేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా: మెత్తటి లోతు ఇసుకలో అసలు నడిపించవద్దు.

ఇక ఇవన్నీ గుర్తుంచుకోండి.

నొప్పి ఇంజెక్షన్ వేసి బరాత్‌కు పంపకండి. నొప్పి తెలియని గుర్రం చిరిగిన కాలి మీదే పూర్తి బరువు వేస్తుంది.

ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు డాక్టర్ చెప్పిన మోతాదు దాటితే కడుపులో పుండ్లు పడతాయి.

డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వద్దే వద్దు. అది వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని 2006లోనే పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

వాతలు పెట్టకండి. చర్మం కాలుతుంది తప్ప లోపలి లిగమెంట్ అతకదు.

లిగమెంట్‌లోకి స్టెరాయిడ్ వేయించకండి.

గిట్ట కొన పొడవు పెరగనివ్వకండి.

కట్టేసి ఉన్నన్నాళ్లు ఉలవలు, శనగలు బాగా తగ్గించండి, ఎండుగడ్డి పెట్టండి.

బాగున్న కాలి గిట్ట రోజూ పట్టుకుని చూడండి. వేడిగా ఉంటే అప్పుడే డాక్టర్‌ని పిలవండి.

సిమెంటు రోడ్డు మీద డ్యాన్స్ చేయించడం ఆపండి.

పనికి పనికిరాని జంతువుతో పని చేయించడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

కుంటు పోయిందా? అయినా దించకండి. వాపు తగ్గిందా? అయినా దించకండి. స్కాన్ చూసి డాక్టర్ చెప్పాకే జీను వేయండి.

శ్రావణానికి అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఈరోజే పెళ్లివాళ్లకు ఫోన్ చేసి వేరే గుర్రాన్ని కుదిర్చి పెట్టండి.