గీజర్ పైపు: రాగి వేయాలా, ప్లాస్టిక్ చాలా?

దీపావళి దాటిందంటే నల్గొండ, పాలమూరు బజార్లలో గీజర్ల బేరాలు మొదలవుతాయి. ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది అని నాలుగు షాపులు తిరుగుతాం గానీ, దానికి బిగించే పైపు సంగతి ప్లంబర్‌కే వదిలేస్తాం. ఈసారి పని మొదలుపెట్టకముందే పైపులు తెప్పించి చూడండి.

మామూలు పీవీసీ చన్నీళ్లకే. 60 డిగ్రీలు దాటితే మెత్తబడి వంగుతుంది, అతుకులు వదులవుతాయి. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ, అంటే వేడి తట్టుకునే రకం పీవీసీ కావాలి. రంగు చూసి నమ్మొద్దు, పైపు మీద ఐఎస్ 15778 (సీపీవీసీ పైపులకు మన దేశపు ప్రమాణం నంబరు) అన్న అచ్చు ఉందో లేదో చూడండి. ఇందులో ఎస్‌డీఆర్ 11 రకం (పైపు బయటి వ్యాసం గోడ మందానికి 11 రెట్లు ఉండేది) చన్నీళ్లకు 400 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ఒత్తిడి కొలత) దాకా ఒత్తిడి తట్టుకుంటుంది. 82 డిగ్రీల దగ్గర అదే పైపు తట్టుకునే ఒత్తిడి 100 పీఎస్‌ఐకి పడిపోతుంది.

నీళ్లు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ మొరాయిస్తే నీళ్లు 82 దగ్గర ఆగుతాయన్న గ్యారంటీ లేదు. అందుకే గీజర్ మూతికి సీపీవీసీని నేరుగా బిగించనివ్వద్దు. బ్రిటన్‌లో ఇల్లంతా వెచ్చబరిచే బాయిలర్లకు ప్లాస్టిక్ లైను వేసినా, బాయిలర్ పక్కన మొదటి మీటరు రాగి పైపే ఉండాలని అక్కడి పైపుల కంపెనీలే చెబుతాయి. మన బాత్రూంలో గోడకూ గీజర్‌కూ మధ్య దూరం మూరెడు. ఆ ముక్క రాగిది గానీ, స్టీలు అల్లిక ఉన్న వేడినీళ్ల కనెక్షన్ పైపు గానీ వేయించండి. గోడ దగ్గర ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే పెట్టించండి, ప్లాస్టిక్ మరలో లోహం బిగిస్తే చీలుతుంది. ఇల్లంతా రాగి వేయించడం మాత్రం డబ్బు దండగే అంటాను.

స్లాబ్ మీద సోలార్ హీటర్ ఉంటే లెక్క వేరు. ఎండాకాలంలో వాడకం తగ్గితే ట్యాంకులో నీళ్లు మరిగిపోతాయి. అక్కడి నుంచి దిగే మొదటి లైను లోహపుదే ఉండాలి. ఆవిరి పోయే గొట్టానికి నల్లా, మూత ఏదీ పెట్టొద్దు. ప్లాస్టిక్‌కు సాగుడు కూడా ఎక్కువ. 50 డిగ్రీలు వేడెక్కితే పది మీటర్ల సీపీవీసీ దాదాపు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, రాగి సెంటీమీటరు కూడా పెరగదు. కాబట్టి క్లాంపులు బిర్రుగా బిగించకుండా, మధ్యలో ఒక వంపు వదలమనండి. మన ఎండకు పైపు పెళుసెక్కుతుంది, పైన ఫోమ్ తొడుగు వేయాల్సిందే.

మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా పట్టేది, ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు బయటికి వదిలే గీజర్ సేఫ్టీ వాల్వ్‌లోనూ పడుతుంది. చలికాలం ముందు కరెంటు ఆపి, నీళ్లు చల్లారాక, వాల్వ్‌కు మీట ఉంటే ఎత్తి చూడండి, నీళ్లు రావాలి. రాకపోతే మార్పించాకే స్విచ్ వేయండి. గీజర్ వేడెక్కేటప్పుడు వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు కారడం మామూలే. దానికి టెన్షన్ పడి బిరడా కొట్టేవాళ్లున్నారు, ఆ పని ట్యాంకు పేలడానికి దారి తీస్తుంది.

పాత ఇళ్లలో ఎర్త్ వైరును ఇనుప పైపుకే చుట్టి ఉంటారు. ఆ పైపు తీసి ప్లాస్టిక్ వేశాక ఎర్త్ తెగిపోయినట్టే. ప్లంబర్ వెళ్లాక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, గీజర్‌కు వేరే ఎర్త్ లాగించండి.