“తర్వాత చూద్దాంలే” అన్నప్పుడు ఏం మాట్లాడాలి (కమ్యూనిటీ హెల్త్ వర్కర్లకు పాఠాలు: 4వ భాగం)

పోయిన భాగంలో మీ పరిధిలో క్యాన్సర్ స్క్రీనింగ్ (ఏ బాధా లేనప్పుడే ముందుగా చేసే పరీక్ష) వయసుకొచ్చిన ఆడవాళ్ల లిస్టు రాసుకోమన్నాను, మీ దేశంలో ఏ పరీక్ష ఏ వయసులో చేస్తారో కనుక్కోమన్నాను. ఈ రెండోది తప్పించుకోకండి. వలస వచ్చినవాళ్లకి పుట్టినూరి చుట్టాలు ఫోన్లో ఒక వయసు చెప్తారు, వేరే దేశంలో ఉన్న చెల్లెలు ఇంకోటి చెప్తుంది, మీరు మరోటి చెప్తారు. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. ఇంగ్లండ్‌లో గర్భాశయ ముఖద్వార పరీక్ష 25 నుంచి 64 ఏళ్ల వరకు. ఆస్ట్రేలియాలో అదే పరీక్ష 25 నుంచి 74 వరకు. అమెరికాలో 21కే మొదలుపెట్టి 65 దాకా చేస్తారు. రొమ్ము పరీక్ష, అంటే మామోగ్రామ్, ఇంగ్లండ్‌లో 50 దాటాక మూడేళ్లకోసారి. అమెరికాలోనేమో 40 నుంచి 74 వరకు రెండేళ్లకోసారి చేయించుకోమని 2024లో అక్కడి నిపుణుల బృందం చెప్పింది. మీ దేశం లెక్క మీ నోటికి వచ్చి ఉండాలి. లేకపోతే మొదటి ప్రశ్నకే తడబడతారు.

ఇక ఈ భాగం పని. తలుపు తీసిన ఆవిడ “తర్వాత చూద్దాంలే” అంటుంది. కొత్తగా చేరినవాళ్లు వెంటనే చేసే పని కరపత్రం తీసి చదివి వినిపించడం. ఆవిడ అడ్డం చెప్పదు, తలూపుతుంది, తలుపేసుకుంటుంది. ఆవిడకి తెలియనిది క్యాన్సర్ గురించి కాదు, పరీక్ష గదిలో తనకేం జరుగుతుందో, దానివల్ల తర్వాత ఏం ముంచుకొస్తుందో అన్నది. మన పని ఆవిడని ఆపుతున్నది ఏమిటో కనిపెట్టడం. ఇలా మాట్లాడి చూడండి:

“అక్కా, పరీక్షకి రమ్మని లెటర్ వచ్చిందా?”

“వచ్చింది. తర్వాత చూద్దాంలే.”

“సరే అక్కా. ఒక్కటి అడగనా? వెళ్లాలంటే ఏది ఇబ్బందిగా అనిపిస్తోంది?”

“ఇబ్బందేం లేదు. నాకే నొప్పీ లేదు కదా, ఎందుకని.”

“లేకపోవడం మంచిదే. నొప్పి లేనివాళ్లకే ఈ పరీక్ష.”

ఇక్కడ నోరు మూసుకోండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టుకోండి. చాలాసార్లు ఈ మౌనంలోంచే అసలు మాట వస్తుంది:

“చేసేది ఆడ డాక్టరేనా?”

నొప్పి లేదన్నది అబద్ధం కాదు, కానీ ఆపుతున్నది అది కాదు. మొదటి జవాబుకే వాదనకి దిగితే ఈ రెండో మాట ఎప్పటికీ వినలేరు. “ఆడ నర్సే కావాలని బుక్ చేసేటప్పుడే అడుగుదాం” అనండి. అడక్కుండా ముందే హామీ ఇవ్వకండి. అన్ని చోట్లా ఆడ సిబ్బంది ఉంటారని చెప్పలేం.

నొప్పి లేదు అన్నదానికి మాత్రం రెండు ముక్కల్లో సరైన జవాబు మీ దగ్గర ఉండాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపుగా అంతా హెచ్‌పీవీ అనే వైరస్ ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోవడం వల్ల వస్తుంది. కణాల్లో మార్పు మొదలై క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, ఈ మధ్యలో పట్టుకుంటే క్యాన్సర్ రాకుండానే ఆపొచ్చు. ఇంతే చెప్పండి. ఒకవేళ ఆవిడ నెలసరి ఆగిపోయాక రక్తం కనబడుతోందనో, రొమ్ములో గడ్డ తగులుతోందనో అంటే స్క్రీనింగ్ మాట పక్కన పెట్టేయండి. అది డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లాల్సిన విషయం, లెటర్ కోసం ఆగేది కాదు.

“మా ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇంకా నాకెందుకు?” అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. శారీరక కలయికలో సోకే ఈ వైరస్ ఎన్నో ఏళ్లు చప్పుడు చేయకుండా ఉండగలదు, అందుకే ఆవిడకీ పరీక్ష కావాలి. దీనికి అంటుకున్న సంగతి మరొకటుంది: పరీక్షలో వైరస్ కనబడితే అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. ఈ మాట పరీక్షకి ముందే చెప్పాలి. ఫలితం చేతికొచ్చాక చెబితే అప్పటికే ఇంట్లో అనుమానాలు, గొడవలు మొదలై ఉంటాయి.

గదిలో ఏం జరుగుతుందో విప్పి చెప్పడం ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యం. నడుము కింద బట్టలు తీసి పడుకుంటే పైన దుప్పటి కప్పుతారు. స్పెక్యులమ్ అనే పరికరాన్ని యోనిలో పెట్టి మెల్లగా తెరుస్తారు, చిన్న మెత్తటి బ్రష్‌తో ముఖద్వారం దగ్గర నుంచి కణాలు తీస్తారు. రెండు మూడు నిమిషాల పని. చిన్న సైజు స్పెక్యులమ్ అడగొచ్చు, తానే లోపల పెట్టుకుంటానని అడగొచ్చు, మధ్యలో “ఆపండి” అంటే ఆపాల్సిందే. ఆ ఆఖరి మాట చెప్పినప్పుడు మొహంలో టెన్షన్ తగ్గడం మీకే కనబడుతుంది. కొన్ని దేశాల్లో స్పెక్యులమ్ అవసరం లేకుండా సొంతంగా నమూనా తీసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఆ పరీక్షకి అర్హులైన ఎవరైనా ఇలా ఎంచుకోవచ్చు. అమెరికాలో ఆసుపత్రిలోనే సొంతంగా తీసుకునే పద్ధతికి 2024లో, ఇంటి దగ్గర తీసుకునే కిట్‌కి 2025లో అనుమతి వచ్చింది. సిగ్గు వల్ల ఆగిపోయినవాళ్లకి నా లెక్కలో ఇంతకంటే మంచి కబురు లేదు.

యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, బలాత్కారానికి గురైనవాళ్లు, చిన్నప్పుడే జననాంగాలు కోయించుకోవలసి వచ్చినవాళ్లు మీ లిస్టులో ఉండొచ్చు. ఎవరినీ అడగకండి. అందరితోనూ ఒకే మాట అనండి: “నర్సుకి ముందుగా తెలియాల్సింది ఏదైనా ఉంటే, వివరాలు లేకుండా జాగ్రత్తగా చేయమని మాత్రం నేను చెప్పగలను.” చెప్పాలనుకున్నవాళ్లు చెప్తారు.

మామోగ్రామ్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. రెండు పలకల మధ్య రొమ్మును కొన్ని సెకన్లు గట్టిగా నొక్కుతారు, కొందరికి నొప్పిగా ఉంటుంది. పైబట్ట ఒక్కటే తీసేలా విడి బట్టలు వేసుకోమనండి. ఆ రోజు డియోడరెంట్, పౌడర్ వద్దు, ఫిల్మ్‌లో తెల్ల చుక్కలుగా కనబడి తికమక పెడతాయి.

డబ్బు, కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త. “ఏం కాదులే, భయపడకు” అనే మాట మీ నోట రాకూడదు. తెలిసినంతే చెప్పండి. ఇంగ్లండ్‌లో ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి వలస హోదా కాగితాలు చూపించాలన్న నియమం లేదు. అమెరికాలో ఆదాయం తక్కువై ఇన్సూరెన్స్ లేని ఆడవాళ్లకి రొమ్ము, ముఖద్వార పరీక్షలు చేయించే ప్రభుత్వ కార్యక్రమం 1991 నుంచి నడుస్తోంది. అయినా తెలివైన ఆవిడ ఆ తర్వాతి ప్రశ్న అడుగుతుంది: “ఏదైనా బయటపడితే వైద్యానికి ఎవరు కడతారు?” దానికోసం అమెరికాలో 2000లో ఒక చట్టం వచ్చింది గానీ, ఆ సాయానికి వలస హోదా షరతులున్నాయి. ఈ ప్రశ్నకి మీ ఊళ్లో జవాబేమిటో క్లినిక్‌లో ముందే కనుక్కోకుండా ఎవరి గడపా తొక్కకండి.

మీరు ఆవిడ భాష మాట్లాడతారు, బహుశా ఆవిడ మనుషులే మీకూ తెలుసు. నమ్మకం కుదిరేది అందువల్లే, ఆవిడ భయపడేదీ అందుకే. “పక్క బ్లాక్‌లో ఫలానా ఆవిడ కూడా చేయించుకుంది” అని ప్రోత్సాహానికి అన్నా సరే, మీ పని అక్కడితో అయిపోయినట్టే. రేపు తన సంగతి ఇంకో గడపలో చెప్తారని ఆవిడకి అర్థమైపోతుంది. డాక్టర్ దగ్గర అనువాదానికి పిల్లల్నీ భర్తనీ పెట్టకండి. శిక్షణ లేకపోతే మీరూ కూర్చోవద్దు. బుక్ చేసేటప్పుడే దుబాసీ కావాలని క్లినిక్‌ని అడగండి.

“సరే, వెళ్తాను” అన్నాక లేచి వచ్చేయకండి. షిఫ్ట్ ఎప్పుడు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, బస్సు ఎక్కడ మారాలి అని అడిగి, ఆవిడ ముందే ఫోన్ కలపండి. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఆడవాళ్ల మధ్య తిరిగే, ప్రొమోటోరాలు అని పిలిచే హెల్త్ వర్కర్లు ఆసుపత్రి దాకా వెంట వెళ్తారు. వీలైతే మీరూ వెళ్లండి. బయల్దేరే ముందు ఇంకోటి చెప్పాలి: మళ్లీ రమ్మని పిలిస్తే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఇంగ్లండ్‌లో మామోగ్రామ్ తీయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు 4గురిని ఇంకొన్ని పరీక్షలకి పిలుస్తారు, ఆ నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది.

అంతా విని కూడా వద్దంటే? వద్దనడం ఆవిడ హక్కు. ప్రాణం మీదికి రాని చిన్న గడ్డలు కూడా మామోగ్రామ్‌లో దొరికి, అక్కర్లేని వైద్యం జరిగే సందర్భాలున్నాయి. అడిగితే దాచకండి. “మళ్లీ ఎప్పుడైనా రావొచ్చా?” అని అడిగి, ఆవిడ చెప్పిన నెల రాసుకుని వచ్చేయండి.

వచ్చే భాగం లోపు అభ్యాసం: మీతో పనిచేసే ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. వాళ్లు మనసులో ఒక అసలు కారణం అనుకుని, పైకి ఇంకోటి చెప్పాలి. మీరు ప్రశ్నలు మూడుకి మించకుండా, కరపత్రం తీయకుండా దాన్ని కనిపెట్టాలి. తర్వాత స్పెక్యులమ్ పరీక్ష ఎలా జరుగుతుందో మీరు వివరించండి, అదే వాళ్లని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ వివరణ మార్చుకోండి. వచ్చే భాగంలో ఫలితం లెటర్ తీసుకుని ఆవిడ మీ దగ్గరికొస్తే ఎలా చదివి చెప్పాలో చూద్దాం.