సన్‌మైకా రంగు షాపులో ఖాయం చేయకండి

కడపలో 20 ఏళ్లకు పైగా ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

ఒకసారి ఎర్రముక్కపల్లెలో ఒక ఇంటి బీరువాకి సన్‌మైకా (ప్లైవుడ్ మీద అతికించే రంగు షీటు) కావాల్సి వచ్చి, షాపులో ట్యూబ్‌లైట్ కింద చూసి క్రీమ్ రంగు ఎంచుకున్నాం. బిగించాక, వాళ్ల పడకగదిలోని పసుపు బల్బుల వెలుగుకు అది మట్టిరంగులా కనిపించింది. ఆ అక్క ఏమీ అనలేదు గానీ, ముఖం చూసి నాకే బాధేసింది. ఆరు తలుపులూ నా ఖర్చుతోనే మార్చాను.

అప్పటినుంచి శాంపిల్ ముక్కను పని చేయించుకునేవాళ్ల ఇంటికే తీసుకెళ్తాను. బీరువా వచ్చే గోడకు నిలువుగా ఆనించి పగలు ఒకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి చూపిస్తాను. నచ్చితే ముక్క వెనకాల కోడ్ నంబరు, తేదీ రాసి ఇద్దరం సంతకం పెడతాం. ఆ ముక్క పని అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది. షీట్లు దిగగానే పక్కన పెట్టి చూసుకుంటాను.

ఇంకోటి, వంటగది సింకు కింద అరకు ప్లైవుడ్‌లో పొదుపు చేయొద్దు. మామూలు ఎంఆర్ ప్లైవుడ్ (కాస్త తేమను మాత్రమే తట్టుకునేది) నీళ్లు కారితే ఉబ్బిపోతుంది. నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉండే ఐఎస్ 710 ముద్ర చూసే కొనండి. అడుగున మన కడప బండ వేయిస్తే టెన్షనే ఉండదు.